నాలుగో పేరు ఖాళీ

చాంగ్వన్‌లో గోల్ఫ్ సాధన చేసే ఆ డ్రైవింగ్ రేంజ్ ఉదయం అయిదున్నరకి తెరుస్తారు. ఫిబ్రవరి మూడో తేదీ, ఆరు గంటల పది నిమిషాలు. మూడో అంతస్తులో పదిహేడో నంబర్ మ్యాట్ మీద పళ్ల డాక్టర్ తక్ యంగ్-సు బంతులు కొడుతున్నాడు. వయసు యాభై ఆరు. నెలాఖరుకి ముగ్గురు చిన్ననాటి మిత్రులతో జేజు ద్వీపానికి గోల్ఫ్ ట్రిప్ ఉంది. కిందటేడు ఓడిపోయి అందరికీ భోజనం పెట్టాడు. ఈసారి పెట్టే ఉద్దేశం లేదు.

పద్దెనిమిదో మ్యాట్ మీదున్న మనిషి తన టీ కప్పుని తక్ కప్పు పక్కన పెట్టాడు. రెండూ ఒకే మెషీన్ నుంచి వచ్చిన కాగితం కప్పులు. కాసేపటికి తక్ కప్పుని అతను తీసుకున్నాడు. మిగిలిన కప్పులోంచి తక్ నాలుగు గుక్కలు తాగి, అయిదు బంతులు కొట్టాడు. ఆరో బంతికి క్లబ్ కర్ర ఎత్తి, అలాగే మోకాళ్ల మీద కూలాడు.

అంబులెన్స్ వచ్చింది. గుండెపోటన్నారు. పద్దెనిమిదో మ్యాట్ మెషీన్ మీద ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. డబ్బు కట్టిన టైమ్ వదులుకుని పోయేవాడు అక్కడ ఎవరికైనా గుర్తుండిపోతాడు. అతను ఆ పన్నెండు నిమిషాలూ బంతులు కొట్టి, గ్లవ్ విప్పి, లిఫ్ట్‌లో దిగి వెళ్లాడు.

*

"పళ్ల డాక్టర్ని ఎవరైనా ఎందుకు చంపుతారు?" అన్నాడు డైరెక్టర్ యోమ్.

"పన్ను సరిగ్గా పీకలేదేమో సార్," అన్నాడు ఓక్ జిన్-ప్యో.

"కూర్చో."

సియోల్‌లో వాళ్ల విభాగానికి బోర్డు లేదు. లోపలివాళ్లు 'అయిదో గది' అంటారు. ఓక్‌కి నలభై ఒకటి. అందులో పద్నాలుగేళ్లు ఇక్కడే గడిచాయి.

యోమ్ ఒక ఫొటో బల్ల మీద తోశాడు. చలువ కళ్లద్దాలు, టోపీ, నవ్వుతున్న నలుగురు మగాళ్లు. వేలితో ఒకణ్ని చూపించాడు.

"ఇతను కు బొన్-మో. మన సబ్‌మెరైన్లు చప్పుడు చెయ్యకుండా తిరగడానికి కారణం ఇతనే. దేశం దాటడానికి అనుమతి లేదు. ఇంటికీ ఆఫీసుకీ కాపలా ఉంది. ఏడాదికోసారి మాత్రం కాపలా లేకుండా జేజు వెళ్తాడు. అదీ ఒప్పుకోకపోతే రాజీనామా ఇస్తానన్నాడు. ఈ చచ్చిపోయినవాడు ఆ నలుగురిలో ఒకడు."

"దుకాణం వాళ్లా?"

"వాళ్లే."

దుకాణానికి ఒక దేశమంటూ లేదు. పరాయి జెండా కట్టిన ఓడలో ఆఫీసు. మనుషుల్ని ఎత్తుకెళ్లి, వాళ్లకి తెలిసింది రాబట్టి, ఎవరు ఎక్కువిస్తే వాళ్లకి అమ్ముతారు.

"గోల్ఫ్ ప్యాకేజీ నలుగురికే అమ్ముతారు," అన్నాడు యోమ్. "ముగ్గురే ఉంటే టీ టైమ్ దొరకదు. అంటే ఆట మొదలుపెట్టే టైమ్. ఒకడు తగ్గితే ట్రావెల్ ఏజెన్సీయే ఇంకొకర్ని తెచ్చి జాయిన్ చేస్తుంది. కు పక్కన మూడు రోజులు నిలబడటానికి వాళ్లకి ఒక చోటు కావాలి. దాన్ని ఖాళీ చేశారు. జనవరి ఇరవైన వాళ్ల ఫోన్ విన్నాం. నలుగురిలో ఒక పేరు తీసేస్తామన్నారు."

ఓక్ ఫొటో మీంచి తల ఎత్తాడు. "అంటే ముందే తెలుసు."

"ఏ పేరో తెలియదు."

"ముగ్గురికీ ఒక మాట చెబితే పోయేదిగా సార్."

"చెబితే ట్రిప్ మానేస్తారు. మానేస్తే దుకాణం ఇంకో దారి చూసుకుంటుంది. ఈ దారి మనకి తెలుసు." యోమ్ ఫొటో వెనక్కి తీసుకున్నాడు. "ఇంతకు ముందు వాళ్లు ఎత్తుకెళ్లిన ఇంజినీరు పదకొండు వారాలు బతికాడు. ఆ వీడియోలు మన దగ్గరున్నాయి. చూడకు. కు గారికి ఆ పదకొండు వారాలు రాకూడదు. రేపట్నుంచి నువ్వు ఆ ఏజెన్సీలో బుకింగ్ అసిస్టెంట్‌వి. గోల్ఫ్ వచ్చా?"

"మీరే నిషేధించారు కదా సార్, ఆరేళ్ల కిందట. గదిలో ఎవరికీ రాదు."

"నిషేధం ఇప్పటికీ ఉంది. నిన్ను బుక్ చెయ్యమంటున్నాను, ఆడమనడం లేదు."

*

ఏజెన్సీలో ఓక్ ఎవరో యజమానికొక్కడికే తెలుసు. బుకింగ్ హెడ్ బ్యోన్ సున్-జాకి తెలియదు. యాభై రెండేళ్ల ఆ మనిషి కొత్తగా వచ్చిన ఈ నలభై ఏళ్ల అసిస్టెంట్ పనికిరాడని రెండో రోజుకే తేల్చేసింది.

"ఏమయ్యా, నాలుగు గోల్ఫ్ బ్యాగులున్న వాళ్లకి చిన్న కారు బుక్ చేశావా? బ్యాగులు డిక్కీలో పెట్టి మనుషుల్ని పైన కట్టేస్తావా?"

"వ్యాన్ మారుస్తాను అక్కా."

"రూములు చూడు. కు గారు గురక పెడతారు. హ్వాంగ్‌బో గారికి చెవుడు. వాళ్లిద్దరూ ఒక రూము. గిల్ గారు నిద్రమాత్ర వేసుకుంటారు, తక్ గారితో ఇంకో రూము. ఏడేళ్లుగా ఇదే లెక్క." ఆమె ఆగింది. "తక్ గారి బదులు ఎవరొస్తారో ఏమో, పాపం."

రెండు రాత్రులు, మూడు రోజులు. రోజుకి పద్దెనిమిది హోల్స్, అంటే పద్దెనిమిది గుంటల ఆట. మొదటి రోజు పన్నెండు గంటల ఆరు నిమిషాలకి ఆట మొదలు. సాయంత్రం నల్ల పంది మాంసం, టేబుల్ మీదే కాల్చుకునేది. ప్యాకేజీతో పాటు నలుగురికీ బ్యాగుకి తగిలించుకునే తోలు పేరుబిళ్లలు కానుక. కు గారి బిళ్లలో అయిదో గది వాళ్లు గోరంత ట్రాకర్ కుట్టి పంపారు.

తొమ్మిదో తేదీన తక్ భార్య వచ్చింది. నల్ల కోటు. బల్ల ముందు నిలబడి ఫోన్ తీసి చూపించింది.

"ఆయన ఫోన్‌కి మెసేజులొస్తున్నాయి. 'మీ టీ టైమ్ ఖరారైంది, చలి బట్టలు మర్చిపోకండి' అని. రోజుకొకటి. ఆపండి."

"క్షమించండమ్మా. పేరు తీసేస్తే ఆగిపోతాయి. తీసెయ్యాలంటే..." ఓక్ సున్-జా వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకుంది. "మరణ ధ్రువపత్రం కాపీ ఒకటి కావాలి."

తక్ భార్య హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక కవరు తీసింది. "అన్ని చోట్లా అడుగుతున్నారు. పది కాపీలు తీయించాను."

ఓక్ కాపీ తీసుకుని పేరు తొలగించాడు. స్క్రీన్ మీద మూడు పేర్లు మిగిలాయి. నాలుగో గడి ఖాళీగా వెలుగుతోంది.

"చలిలో అంత పొద్దున్నే వెళ్లొద్దన్నాను," అంది ఆమె. "గుండె జబ్బు లేదు సార్ ఆయనకి. నెల కిందటే పరీక్షలు చేయించుకున్నారు. ఎలా జరుగుతుంది?"

"జరుగుతుంటాయమ్మా," అన్నాడు ఓక్.

ఆమె వెళ్లిన నలభై నిమిషాలకి ఆ ఖాళీ కోసం మొదటి ఫోన్ వచ్చింది.

*

ఫోన్ చేసింది మో ఉన్-హా. ముప్పై నాలుగేళ్లు. ఒకప్పుడు టోర్నమెంట్లు ఆడిన ప్రో. మోచెయ్యి దెబ్బతిని ఆట పోయాక దుకాణం ఆమెని చేరదీసింది. హోటల్ గదుల్లో, విమానాల్లో మగాళ్లని వలలో వెయ్యడానికి ఆమెని వాడుకునేవాళ్లు. ఆమె నవ్వితే మగాళ్లు తలుపులు తెరిచేవాళ్లు, తర్వాత ఫైళ్లు తెరిచేవాళ్లు. రెండేళ్ల కిందట ఇంచన్ ఎయిర్‌పోర్టులో ఓక్ ఆమెని పట్టుకున్నాడు. జైలు బదులు ఆమె అయిదో గదికి కూడా పని చెయ్యడానికి ఒప్పుకుంది.

ఒక గోల్ఫ్ బట్టల షాపు ట్రయల్ రూములో కలిశారు. ఆమె అద్దంలో చూసుకుంటూ మాట్లాడింది.

"మూడు రోజుల్లో ఒక రోజు ఎత్తుకెళ్తారు. ఏ రోజన్నది ఆట మొదలయ్యే ముందు చెబుతారు. ఆ తర్వాత నా ఫోన్ తీసేసుకుంటారు. నీకెలా చెప్పను?"

"నువ్వే చెప్పు."

"ఆటగాళ్ల వెంట తిరిగే క్యాడీ స్కోర్లన్నీ బ్యాగుల కార్ట్‌లో ఉండే టాబ్లెట్‌లో కొడుతుంది. అవి అప్పటికప్పుడు లింకులో కనబడతాయి. మొదటి హోల్ నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్. సరిగ్గా నాలుగు కొడితే సున్నా పడుతుంది. నేను ఎనిమిది కొడతాను. నా పేరు పక్కన నాలుగు ఎక్కువని పడుతుంది. ఆ నాలుగు కనబడితే ఆ రోజే. సున్నా కనబడితే ఆ రోజు కాదు."

"మీ వాళ్లకి అనుమానం రాదా? నువ్వు ప్రోవి."

"మోచెయ్యి పోయిన ప్రోని." ఆమె కాలర్ సర్దుకుంది. "లింక్ వాళ్లూ చూస్తారు. నేను ఏ హోల్ దగ్గరున్నానో వాళ్లకి తెలియాలి. మరో మాట. నా తమ్ముడి కేసు మూసేస్తానన్నావు."

"మూసేస్తాను."

"ఈ రంగు నాకు బాగుందా?"

"బాగుంది."

"ఎప్పుడూ ఒక్క మాట ఎక్కువ చెప్పవు కదా," అంది. అదే రంగు కొనుక్కుంది.

సంకేతం కాగితం మీదికెక్కింది. అయిదో గదిలో ఏడుగురు సంతకాలు పెట్టారు. ఆ ఏడుగురిలో గోల్ఫ్ క్లబ్ పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

*

ఫిబ్రవరి ఇరవై ఆరు. జేజులో గాలి పడమటి నుంచి వీస్తోంది. ఓక్ ఏజెన్సీ జాకెట్ వేసుకుని క్లబ్‌హౌస్ రెస్టారెంటులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పార్కింగ్‌లో రెండు వ్యాన్లలో ఎనిమిది మంది ఉన్నారు.

మొదటి హోల్ దగ్గర క్యాడీ నా-రే నలుగురిచేతా నడుములు తిప్పే కసరత్తు చేయించింది. చలికి అందరూ కళ్ల కింద నుంచి మెడదాకా గుడ్డ ముసుగులు వేసుకున్నారు.

"తక్ గాడు ఉంటే ఈ పాటికి ఏడుపు మొదలెట్టేవాడు రా, గాలి ఎక్కువైందని," అన్నాడు హ్వాంగ్‌బో.

"వాడి సంగతి ఎత్తకు," అన్నాడు కు.

"ఎత్తితే ఏం? వాడి పుణ్యమా అని ప్రో గారు దొరికారు. ప్రో గారూ, మీ ముందు ఆడాలంటే చేతులు వణుకుతున్నాయి."

"నావీ వణుకుతున్నాయండి," అంది ఉన్-హా. ఆమె మొదటి బంతి చెట్లలోకి పోయింది. రెండోది నీళ్లలో పడింది. ఎనిమిదో షాట్‌కి బంతి గుంటలో పడింది. గిల్ మాత్రం నాలుగు షాట్లలోనే ముగించి రెండు చేతులూ పైకెత్తాడు.

పన్నెండు ఇరవై ఆరుకి ఓక్ ఫోన్‌లో మొదటి హోల్ స్కోర్లు పడ్డాయి. సున్నా, సున్నా, సున్నా, సున్నా.

అతను రేడియో తీశాడు. "ఈ రోజు కాదు. హోటల్‌కి వెళ్లి పడుకోండి. రేపు ఏడింటికి."

వ్యాన్లు వెళ్లిపోయాయి. హోటల్ నలభై నిమిషాల దూరం.

మూడు గంటల రెండు నిమిషాలకి సున్-జా సియోల్ నుంచి ఫోన్ చేసింది.

"రాత్రి పంది మాంసానికి టేబుల్ చెప్పావా?"

"చెప్పాను అక్కా."

"ఆట ఎలా సాగుతోంది? ఎవరికైనా కోపాలొచ్చాయా?"

"బాగానే ఉంది. మొదటి హోల్ నలుగురూ సరిగ్గా నాలుగే కొట్టారు."

అవతల పగలబడి నవ్వు. "నువ్వు నిజంగానే నమ్మావా? ఓరి నాయనోయ్! ఒక్కడు సరిగ్గా కొడితే చాలు, మొదటి హోల్‌లో క్యాడీ అందరికీ సున్నాలే వేస్తుందయ్యా. మొదట్లోనే మొహాలు మాడ్చుకోకుండా. ఎక్కడైనా అంతే."

ఓక్ లేచి నిలబడ్డాడు.

"ప్రోలకి ఈ సంగతి తెలుస్తుందా?"

"ప్రోలకేమిటి, బంతులేరుకునే వాళ్లక్కూడా తెలుసు. ఏం?"

అతను ఫోన్ పెట్టేశాడు.

ఉన్-హాకి తెలుసు. తెలిసే మొదటి హోల్ ఎంచుకుంది. నిజంగానే ఎనిమిది కొడుతుంది. క్యాడీ దాన్ని చెరిపేస్తుంది. రేపు అడిగితే, నేను చెప్పాను, చెరిపింది మీ క్యాడీ అంటుంది. ఆమె ఎప్పుడూ దుకాణం మనిషే.

ట్రాకర్ చూశాడు. కు చుక్క పదమూడో హోల్ దగ్గర కదలకుండా ఉంది. పదమూడో హోల్‌కి ఒక పక్క సముద్రం. క్లబ్‌హౌస్‌కి మూడు కిలోమీటర్లు.

స్టార్ట్ రూములోకి పరిగెత్తి, క్యాడీలతో మాట్లాడే మైకు లాక్కున్నాడు.

"నా-రే, ఏజెన్సీ ఓక్‌ని. కు గారు ఎక్కడ?"

"బంతి వెతకడానికి కిందికెళ్లారు సార్. ప్రో గారి బంతి రాళ్లలోకి పోయింది. నేనెళ్తానంటే వద్దన్నారు. మిగతా ఇద్దరూ ఇక్కడే ఉడికించిన గుడ్లు తింటున్నారు."

కు బ్యాగు కార్టులో ఉంది. చుక్క ఆ బ్యాగుది.

"పిలిస్తే వినబడతారా?"

"ఈ గాలిలోనా? కుదరదు సార్. నల్లరాళ్ల మెట్లు సగం దిగేశారు. ప్రో గారు ఇంకా కిందికెళ్లిపోయారు. కింద ఎవరిదో పడవ ఉంది."

తన మనుషులు నలభై నిమిషాల దూరంలో ఉన్నారు. తను పరిగెత్తినా పావుగంట. క్యాడీని దింపితే మెట్ల మీద ఇద్దరవుతారు, అంతే. ఆ పడవ దాకా కాళ్ల కంటే ముందు వెళ్లగలిగింది ఒక్కటే ఉంది. అది దుకాణం వాళ్ల చేతిలో ఉన్న లింకు. సంకేతం ఏమిటో ఉన్-హా వాళ్లకి చెప్పే ఉంటుంది. అయిదో గదికి సున్నాయే కనబడుతుందని మాట ఇచ్చే ఉంటుంది.

"నా-రే, మొదటి హోల్‌లో ప్రో గారు ఎంత కొట్టారు?"

"అది... ఎనిమిది సార్."

"ఎనిమిదే వెయ్యి. ఇప్పుడే."

"మొదటి హోల్ ఎవరూ మార్చరు సార్. ప్రో గారు నొచ్చుకుంటారు. కంప్లైంట్ వస్తే నా ఉద్యోగం..."

"నా పేరు చెప్పు. వెయ్యి."

మైకులో గాలి చప్పుడు. గిల్ గొంతు వినబడింది, ఉప్పు అడుగుతూ. ఓక్ స్క్రీన్ వైపు చూస్తున్నాడు. మో ఉన్-హా, మొదటి హోల్. సున్నా పోయి నాలుగు పడింది.

*

పడవలో ముగ్గురున్నారు. అందులో పెద్దవాడు డ్రైవింగ్ రేంజ్‌లో పద్దెనిమిదో మ్యాట్ మీద నిలబడ్డవాడు. ఉన్-హా ఆఖరి రాయి మీద అడుగు పెట్టే సమయానికి అతను ఫోన్ చూస్తున్నాడు.

"వస్తున్నాడు," అందామె. "ముప్పై అడుగులు. ఒక్కడే."

"మొదటి హోల్‌లో ఎంత కొట్టావు?"

"ఎనిమిది. చెప్పాను కదా, అది పడదు."

అతను ఫోన్ ఆమె వైపు తిప్పాడు.

ఉన్-హా ఆ అంకె వైపు చూసింది. తర్వాత పైకి చూసింది. క్లబ్‌హౌస్ ఇక్కడికి కనబడదు.

"అన్నా, ఇది ఓక్ పని. ఇప్పుడు మార్చాడు. ఇందాక లేదు, నీకు తెలుసు..."

"సున్నాయే ఉంటుందన్నావు. నాలుగుంది. వాళ్లకి కబురిచ్చేశావు."

"ఆ వచ్చేది కు! మొహం చూడు!"

మెట్ల మీద మనిషికి టోపీ, నల్లద్దాలు, ముసుగు. చేతిలో పొడుగాటి క్లబ్.

"అతన్ని?" అన్నాడు పడవలో రెండోవాడు.

"కు కాదు. వాళ్లు పంపినవాడు. ఇంకెంతమందున్నారో. పద."

ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. అతను మోచెయ్యి పట్టుకుని లాగాడు, ఎప్పుడో దెబ్బతిన్న చెయ్యే. ఆమె అరిచింది. గాలి ఆ అరుపుని దీవి వైపు రానివ్వలేదు. పడవ ఇంజిన్ మొదలైంది.

కు ఆఖరి మలుపు దిగి వచ్చేసరికి పడవ ఇరవై గజాల దూరం పోయింది. అతను ముసుగు కిందికి లాగి, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేక వేశాడు.

"ప్రో గారూ! బంతి దొరికిందా?"

*

కోస్ట్‌గార్డ్ యాభై నిమిషాల తర్వాత పడవని పట్టుకుంది. ముగ్గురు మనుషులున్నారు. ఒక ఆడ గోల్ఫ్ గ్లవ్ ఉంది. లంగరు లేదు, దాని తాడు కోసి ఉంది.

సాయంత్రం ఓక్ పార్కింగ్‌లో నిలబడి యోమ్‌కి ఫోన్ చేశాడు.

"కు గారు?"

"మాంసం కాల్చుకుంటున్నారు సార్. ఆమెకి అర్జెంటు పని పడి, కింద నుంచే ఎవరో వచ్చి తీసుకెళ్లారని చెప్పాను. నమ్మారు."

"ఆ ముగ్గురూ మాట్లాడతారా?"

"పెద్దవాడు మాట్లాడతాడు. పళ్ల డాక్టర్ గురించి ఇప్పటికే అడక్కుండా చెప్పాడు."

"ఆ అమ్మాయిని ఏం చేస్తారో నీకు తెలుసా, ఆ అంకె మార్పించేటప్పుడు?"

"తెలుసు సార్."

"ఆమె తమ్ముడి కేసు?"

"మూసేస్తానని మాటిచ్చాను."

"ఆమెకిచ్చావు. ఆమె లేదుగా. కేసు ఉండనీ, వాడు పనికొస్తాడు," అన్నాడు యోమ్.

మిగిలిన రెండు రోజులూ ముగ్గురే ఆడారు. నాలుగో మనిషి రుసుము అయిదో గది కట్టింది. ఇరవై ఎనిమిదిన కు క్షేమంగా చాంగ్వన్ చేరాడు. ఇంటి గేటు దగ్గర కాపలావాడు సెల్యూట్ కొట్టాడు.

మార్చి రెండున ఏజెన్సీ నుంచి కస్టమర్లందరికీ వెళ్లే అభిప్రాయ పత్రం కు గారికీ వెళ్లింది. జవాబు మధ్యాహ్నానికి వచ్చింది. సున్-జా దాన్ని ప్రింట్ తీసి ఓక్ బల్ల మీద పడేసింది.

"చూడు నీ నిర్వాకం. అయిదు నక్షత్రాలకి రెండు ఇచ్చాడు."

ఓక్ చదివాడు. భోజనం బాగుంది. రూములు బాగున్నాయి. జాయిన్ చేసిన మనిషి మాత్రం ఆట మధ్యలో చెప్పకుండా వెళ్లిపోయింది. అదేం ప్రాణం మీదికొచ్చే విషయం కాదు కాబట్టి సర్దుకున్నాం, కానీ సరదా మొత్తం పాడైంది. ఇకనుంచైనా మనుషుల్ని కాస్త చూసి పంపండి.

"జవాబు రాయి," అంది సున్-జా. "మర్యాదగా."

ఓక్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని టైప్ చేశాడు.